సమాధి గోడల మీద కప్పం: ఈజిప్టు చిత్రాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రాచీన ఈజిప్టు బొమ్మల పుస్తకం ఏది తిరగేసినా ఒక పేజీలో ఈ దృశ్యం తగులుతుంది. మనుషులు బారులు తీరి నడుస్తుంటారు. ఒకడి భుజం మీద ఏనుగు దంతం, ఒకడి చేతిలో వెండి కూజా, ఇంకొకడు చిరుతపులిని తాడుతో పట్టుకుని వస్తుంటాడు. వరస మొదట్లో ఒక గుమాస్తా కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. బొమ్మ కింద 'విదేశీ కప్పం' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. ఆ ఒక్క ముక్క దగ్గరే నాకు పేచీ. అందుకే జనం మామూలుగా అడిగే ప్రశ్నలన్నీ ఒకచోట పెట్టి జవాబులు రాశాను.

ఈ చిత్రాలు ఎక్కడ ఉన్నాయి? ఫారోల సమాధుల్లోనా?

కాదు. ఫారోల సమాధులు రాజుల లోయలో ఉంటాయి. వాటి గోడల నిండా దేవతలు, పాతాళం, రాత్రి పన్నెండు గంటలూ సూర్యుడు చేసే ప్రయాణం. విదేశీయుల ఊరేగింపులు కనిపించేది అధికారుల సమాధుల్లో. లక్సర్‌కి ఎదురుగా, నైలు నది పడమటి గట్టున షేక్ అబ్ద్ అల్ ఖుర్నా అనే కొండ ఉంది. మంత్రులు, ఖజానా అధికారులు, పూజారులు, సేనాధికారులు అక్కడ రాయి తొలిపించుకుని సమాధులు సిద్ధం చేసుకున్నారు. ఈ రకం బొమ్మలు ఎక్కువగా 18వ రాజవంశం నాటివి, అంటే సుమారు క్రీ.పూ. 1550 నుంచి 1295 మధ్యవి. ఒక్కో సమాధికీ టీటీ అనే అక్షరాలతో ఒక నంబరు ఉంటుంది. తీబ్స్ సమాధి అని దాని అర్థం. లక్సర్ పాత పేరు తీబ్స్.

ఇంకో సంగతి. ఈ బొమ్మలు సాధారణంగా శవపేటిక ఉండే లోపలి గదిలో ఉండవు, ముందు హాల్లో ఉంటాయి. పండగలకి బంధువులు వచ్చేది అక్కడికే. పోయినాయన ఉద్యోగంలో ఎంతటివాడో వచ్చినవాళ్ల కంటపడాలి కదా.

అందరూ రెఖ్మీరే సమాధి గురించే ఎందుకు మాట్లాడతారు?

ఈ విషయంలో అంత నిండైన గోడ ఇంకొకటి లేదు. రెఖ్మీరే మూడో థుత్మోసు రాజుకి వజీరు. ఆ తర్వాత వచ్చిన రెండో అమెన్‌హోటెప్ కాలంలోనూ కొంతకాలం పదవిలో ఉన్నాడు. ఆయన సమాధి టీటీ 100. మూడో థుత్మోసు పాలన సుమారు క్రీ.పూ. 1479 నుంచి 1425 వరకు. సిరియా దాకా దండయాత్రలు చేసి, దక్షిణాన నైలు నాలుగో జలపాతం దాకా హద్దు జరిపిన రాజు. కాబట్టి ఆయన వజీరు ముందుకి సరుకు బాగానే వచ్చింది.

గోడ మీద అయిదు వరసలున్నాయి. అన్నిటికన్నా పైన ఎర్ర సముద్రం దిక్కున ఉన్న పుంట్ దేశం వాళ్లు బోళం, సాంబ్రాణి లాంటి సుగంధద్రవ్యాలు తెస్తుంటారు. బుట్టలో వేళ్లతో సహా పెట్టిన ఒక చెట్టు కూడా ఉంటుంది. రెండో వరసలో కెఫ్టియు వాళ్లు, అంటే క్రీట్ ద్వీపం మనుషులు. మూడోది నూబియా, నేటి సూడాన్ ఉత్తర భాగమూ ఈజిప్టు దక్షిణ కొసా. నాలుగోది రెటెను, సిరియా పాలస్తీనా ప్రాంతం. అయిదో వరసలో తెచ్చేవాళ్లే సరుకు: బందీలుగా తెచ్చిన ఆడవాళ్లు, పిల్లలు. నూబియా తల్లులు పిల్లల్ని వీపు మీది బుట్టల్లో మోస్తుంటారు. పై నాలుగు వరసలూ చూసి మురిసిపోయేవాళ్లు ఈ అయిదోదాన్ని చూడకుండానే కదిలిపోతారు.

ప్రతి వరసకీ మొదట్లో సరుకు కుప్పలుగా పోసి ఉంటుంది. ఆ పక్కనే గుమాస్తా, ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో పలక.

జిరాఫీ మెడ మీద కోతి నిజంగానే ఎక్కిందా?

బొమ్మలో ఎక్కింది. నూబియా వరసలో ఇద్దరు మనుషులు జిరాఫీ ముందు కాళ్లకి కట్టిన తాళ్లు పట్టుకుని లాగుతుంటారు. దాని మెడ పట్టుకుని ఒక చిన్న కోతి పైకి పాకుతూ ఉంటుంది. చిత్రకారుడు ఎప్పుడో ఒకసారి కళ్లారా చూశాడో, గోడ మీద గీసుకున్న కొలతల గళ్ల మధ్య విసుగొచ్చి సరదాకి పెట్టాడో గానీ, మూడు వేల నాలుగు వందల ఏళ్ల తర్వాత గోడ మొత్తంలో అందరికీ గుర్తుండేది ఆ కోతే.

సిరియా వరసలో ఏనుగేమిటి?

ఆ రోజుల్లో సిరియాలో ఏనుగులుండేవి. మూడో థుత్మోసు నియ్ అనే చోట 120 ఏనుగుల్ని వేటాడాడని అమెనెమ్‌హబ్ అనే సైనికాధికారి తన సమాధి గోడ మీద, టీటీ 85లో, రాయించుకున్నాడు. పెద్ద ఏనుగు రాజు మీదికి వస్తే తానే నీళ్లలో నిలబడి దాని 'చెయ్యి' నరికానని గొప్పగా చెప్పుకున్నాడు. ఏనుగు తొండాన్ని వాళ్లూ చెయ్యి అనే అన్నారు. హస్తి, కరి అనే మాటలు వాడే మనకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

రెఖ్మీరే గోడ మీది ఏనుగు మాత్రం పక్కన నడిచే మనిషి నడుం దాకా కూడా లేదు, కానీ దంతాలున్నాయి. మరుగుజ్జు జాతి అని కొందరి వాదన. పక్కనే ఉన్న ఎలుగుబంటిని కూడా చిన్నగానే గీశారు కాబట్టి, వరస ఎత్తులో పట్టించడానికి కుదించారని నేననుకుంటాను.

ఇంతకీ ఇది కప్పమా, కానుకా, వ్యాపారమా?

అసలు ప్రశ్న ఇదే. ఈ బొమ్మల పక్కన చిత్రలిపిలో తరచుగా కనపడే మాట 'ఇను'. 'తేవడం' అనే క్రియ నుంచి పుట్టింది, అంటే అక్షరాలా 'తెచ్చినది'. పాత తరం పండితులు దాన్ని కప్పం అని అనువదించారు. ఓడిపోయిన రాజు భయంతో కట్టేది కప్పం. ఇను అన్న మాటలో ఆ భయం లేదు. ఓడిపోయినవాడు తెచ్చినా ఇనుయే, సమానుడైన రాజు స్నేహంగా పంపినా ఇనుయే.

మన పెళ్లిళ్లలో చదివింపులు గుర్తు తెచ్చుకోండి. ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానా వారు ఇంత అని పైకి చదువుతాడు, రాస్తాడు. ఇచ్చినవాళ్లలో బాకీ తీర్చుకునేవాళ్లుంటారు, రేపు తమ ఇంట్లో పెళ్లికి తిరిగొస్తుందని ఇచ్చేవాళ్లుంటారు, మొహమాటానికి ఇచ్చేవాళ్లుంటారు. పుస్తకంలో మాత్రం అందరిదీ ఒకటే వరస. రెఖ్మీరే గుమాస్తా చేతిలో ఉన్నది అలాంటి పుస్తకమే. తిరిగి ఏం పంపారన్నది ఆ గోడ మీద గీయరు.

తిరిగి పంపిన సంగతి మనకి వేరే చోట దొరికింది. 1887లో, ఫారో అఖెనాటెన్ రాజధాని అయిన అమర్నాలో మట్టిపలకల ఉత్తరాలు బయటపడ్డాయి. మొత్తం 380 దాకా ఉంటాయి. ఎక్కువ భాగం సిరియా, పాలస్తీనా చిన్న రాజులు ఫారోకి రాసినవి. మిగతావాటిలో బాబిలోన్, మితన్నీ (ఉత్తర సిరియా వైపు రాజ్యం), హిత్తైట్ (నేటి టర్కీ) లాంటి పెద్ద రాజులు రాసినవి, వాళ్లకి వెళ్లిన జవాబులు కొన్ని. చాలావరకు అప్పటి రాయబార భాష అక్కాడియన్‌లో ఉన్నాయి. వాటిలో ఈ పెద్ద రాజులు ఒకరినొకరు అన్నదమ్ములని పిలుచుకుంటారు. మరుక్షణమే బంగారం దగ్గర బేరాలాడతారు. మీ దేశంలో బంగారం దుమ్ములా పడి ఉంటుందట కదా, మరి ఇంతేనా పంపేది అని మితన్నీ రాజు తుష్రత్త దెప్పిపొడుస్తాడు. ఆయన కూతుర్ని ఫారోకిచ్చి పంపినప్పుడు వెంట వెళ్లిన సారె జాబితా పలకల నిండా ఉంది.

వీటన్నిటిలో మన ప్రశ్నకి సూటిగా తగిలే ఉత్తరం ఒకటుంది. బాబిలోన్ రాజు కదష్మాన్ ఎన్లిల్ కానుకగా రథాలు పంపాడు. ఈజిప్టులో వాటిని స్థానిక ఊరి పెద్దలు తెచ్చిన రథాల మధ్య నిలబెట్టి ప్రదర్శించారు. విడిగా చూపించలేదు. దేశం ముందు మా పరువు తీశారని ఆయన ఫిర్యాదు చేస్తే, ఫారో మూడో అమెన్‌హోటెప్ ఆ ఫిర్యాదుని తిప్పి చెప్పి జవాబు రాశాడు. అంటే సాటి రాజు పంపిన కానుకని జనం ముందు కప్పంలా చూపించడం అప్పట్లోనే జరిగేది, ఇచ్చినవాడికి అప్పుడే ఒళ్లు మండేది. సమాధి గోడ చూసేటప్పుడు నాకు ఈ రథాలే గుర్తొస్తాయి.

అలాగని అంతా స్నేహమే అనుకోకూడదు. నూబియాని ఈజిప్టు నేరుగా ఏలింది, అక్కడి బంగారం తవ్వించి తెచ్చుకుంది. సిరియా చిన్న రాజులు నిజంగానే లోబడి ఉన్నవాళ్లు. క్రీట్ మాత్రం ఎన్నడూ ఈజిప్టు కింద లేదు. ఒకే గోడ మీద ముగ్గురూ ఒకేలా నడుస్తున్నారు, తేడా అంతా గోడ బయటే.

మామూలు బేరసారాల బొమ్మ ఒక్కటీ లేదా?

ఉంది. తీబ్స్ నగర పాలకుడు కెనమున్ సమాధి, టీటీ 162. సిరియా ఓడలు రేవుకి వచ్చి ఆగాయి, సరుకు దించుతున్నారు. రేవులోనే చిన్న చిన్న కొట్లు. చెప్పులు వేలాడదీసిన కొట్టు, చిన్న తక్కెడ పట్టుకుని కూర్చున్న మనుషులు, ఒక కొట్లో ఆడమనిషి. గడ్డపు సిరియా వర్తకుడు పెద్ద కూజా చూపించి బేరమాడుతుంటాడు. ఇక్కడ ఎవరూ ఎవరి కాళ్లమీదా పడరు. దిగుమతి సరుకులో మూపురమున్న ఎద్దులు కూడా ఉన్నాయి. మూపురం పశువుల తొలి పుట్టిల్లు మన ఉపఖండం, ఆ జాతి చేతులు మారుతూ అక్కడి దాకా వెళ్లింది. అసలు బొమ్మ పాడైపోయింది. ఇప్పుడు మనం చూసేది పాత నకళ్లూ ఫోటోలే.

కెఫ్టియు వాళ్లు క్రీట్ వాళ్లేనని ఎలా తెలుసు?

మూడు దారుల్లో. ఒకటి, వాళ్ల చేతుల్లోని కూజాలూ ఎద్దు తలల పాత్రలూ క్రీట్ తవ్వకాల్లో దొరికినవాటితో సరిపోతాయి. జడలు జడలుగా వేలాడే జుట్టు, పొట్టి బట్ట, కాలి జోళ్లు కూడా అంతే. రెండు, మూడో అమెన్‌హోటెప్ ఆలయంలో ఒక విగ్రహం పీఠం మీద కెఫ్టియు పేరుతో పాటు క్నోసోస్, అమ్నిసోస్, ఫైస్టోస్ లాంటి ఊళ్ల పేర్లున్నాయి. మూడు, నైలు డెల్టాలో తెల్ ఎల్ దబా దగ్గర ఎద్దుల మీంచి దూకే మనుషుల కుడ్యచిత్రాల ముక్కలు దొరికాయి. అచ్చం క్రీట్ పద్ధతిలో వేసినవి. అంటే బొమ్మలే కాదు, బొమ్మలేసే పద్ధతి కూడా ఈజిప్టుకి వచ్చింది.

రెఖ్మీరే సమాధిలో ఇంకో తమాషా ఉంది. కెఫ్టియు మనుషులకి మొదట ఒక రకం మొలగుడ్డ గీసి, తర్వాత దాని మీద రంగు పూసి పొడుగు అంచుల బట్ట మళ్లీ వేశారు. పాత గీతలు కింద నుంచి కనిపిస్తాయి. క్రీట్‌లో గ్రీకు భూభాగం వాళ్లు అధికారంలోకి వచ్చినందుకు ఇది సాక్ష్యమని ఎన్నో వ్యాసాలొచ్చాయి. కొత్తగా వచ్చిన రాయబారుల బట్టలు చూసి చిత్రకారుడు దిద్దుకుని ఉండొచ్చు, అంతకన్నా పెద్ద కథ అక్కర్లేదని ఇంకో పక్షం. ఒక్క బట్ట అంచు మీద ఒక రాజ్యం పతనాన్ని నిలబెట్టడం నాకూ కొంచెం ఎక్కువనిపిస్తుంది.

చిత్రకారులు విదేశీయుల్ని ఎదురుగా చూసి గీశారా?

కొందరు చూసే ఉంటారు. సెనెన్‌ముత్ సమాధి టీటీ 71లోని కెఫ్టియు మనుషుల చేతి పాత్రలు అంత కచ్చితంగా ఉన్నాయి. తర్వాతివాళ్లు పాత బొమ్మలు చూసి గీసుకున్నారు. టీటీ 86, మెన్‌ఖెపెర్రసెనెబ్ అనే ప్రధాన పూజారి సమాధిలో 'కెఫ్టియు రాజు' అని పేరు రాసిన మనిషి చూడ్డానికి సిరియా వాడిలా ఉంటాడు. అలాంటప్పుడు పేరునీ నమ్మకూడదు, బొమ్మనీ నమ్మకూడదు, రెండూ కలిపి చూసుకోవాలి.

నూబియా వాళ్ల బొమ్మల్లో ప్రత్యేకం ఏమిటి?

టుటన్‌ఖామున్ కాలంలో నూబియాలో ఫారో ప్రతినిధిగా పనిచేసిన హుయ్ సమాధి, టీటీ 40, చూడాలి. బంగారం కడ్డీలుగా కాకుండా ఉంగరాల్లా పెద్ద వలయాలుగా వస్తుంది, పొడి బంగారం సంచుల్లో వస్తుంది. డాళ్లు, కుర్చీలు, మంచాలు, నల్లని ఎబొనీ కర్ర. ఎబొనీ అన్న పేరు కూడా పాత ఈజిప్టు మాటే, గ్రీకు మీదుగా లోకమంతా తిరిగింది. ఎడ్ల కొమ్ముల చివర చెక్కిన చేతులు తొడిగి, రెండు కొమ్ముల మధ్య నూబియా మనిషి తల బొమ్మ పెట్టారు. ఎద్దే చేతులెత్తి దణ్ణం పెడుతున్నట్టుంటుంది. ఒక రాకుమార్తె ఎడ్లు లాగే రథంలో గొడుగు కింద నిలబడి వస్తుంది.

వాళ్లందరి ముందు మోకాళ్ల మీద ఉన్నవాడు హెకనెఫెర్, మియమ్ ప్రాంతపు దొర. జుట్టులో ఈక, ఒంటిమీద నూబియా వేషం. ఈయన సొంత సమాధి తోష్కాలో ఉంది. అస్వాన్ ఆనకట్ట నీళ్లు ఆ ప్రాంతాన్ని ముంచకముందు, 1960ల మొదట్లో దాన్ని పరిశోధించారు. తన సమాధిలో హెకనెఫెర్ అచ్చంగా ఈజిప్టు అధికారి. చిన్నప్పుడు ఈజిప్టు రాజభవనంలో పెరిగినవాళ్లకిచ్చే బిరుదు ఉంది. అదే మనిషి హుయ్ గోడ మీదికొచ్చేసరికి ఈక పెట్టుకున్న పరదేశి. ఆస్థానానికి వెళ్లేటప్పుడు సంప్రదాయ దుస్తులు వేసుకున్నాడో, చిత్రకారుడే తొడిగాడో గానీ, ఈ బొమ్మల్ని ఫోటోల్లా చదివేవాళ్లకి నేను మొదట చెప్పేది ఈ హెకనెఫెర్ సంగతే.

ఇంతకన్నా పాత బొమ్మలున్నాయా?

బేని హసన్‌లో రెండో ఖ్నుమ్‌హోటెప్ సమాధి. రెండో సెనుస్రెట్ అనే ఫారో పాలనలో 6వ ఏడు, సుమారు క్రీ.పూ. 1890. ఆము అనే పశ్చిమాసియా జనం 37 మంది కంటికి పెట్టుకునే సుర్మా రాయి తెచ్చారని రాసి ఉంది. గోడ మీద గీసింది 15 మందినే. రంగురంగుల చారల బట్టలు, వాయించుకుంటూ నడిచే వీణలాంటి వాద్యం, గాడిద మీద ఇద్దరు పిల్లలు. వాళ్ల నాయకుడి బిరుదు 'పరదేశాల పాలకుడు'. ఆ తర్వాత రెండు వందల ఏళ్లకి పైగా గడిచాక ఉత్తర ఈజిప్టుని ఏలిన హిక్సోస్ అన్న పేరు ఆ బిరుదు నుంచే వచ్చింది.

హత్షెప్సుత్ పుంట్ యాత్ర ఈ కోవలోకి వస్తుందా?

హత్షెప్సుత్ ఫారోగా ఏలిన రాణి. ఆ యాత్ర బొమ్మలున్నది సమాధి కాదు, డెయిర్ ఎల్ బహరీలోని ఆమె ఆలయం. బొమ్మలు చెక్కి రంగు వేసినవి. ఆమె పాలనలో 9వ ఏట వెళ్లిన ఓడలు 31 సుగంధపు చెట్లు బతికుండగానే తెచ్చాయి. ఇళ్లు కర్రల మీద నిలబడి ఉంటాయి, నీళ్లలో చేపలు జాతి గుర్తుపట్టేంత స్పష్టంగా ఉంటాయి. పుంట్ ఎక్కడన్నది చాలాకాలం వాదించుకున్నారు. ఈజిప్టులో దొరికిన మమ్మీ బబూన్ల (ఒక జాతి పెద్ద కోతుల) మీద, అవి ఎక్కడ పెరిగాయో చెప్పే ఐసోటోపు పరీక్షలు చేస్తే, అవి ఎరిట్రియా, ఇథియోపియా, సోమాలియా దిక్కు చూపించాయి.

బొమ్మల్లోని సరుకు నిజంగా తిరిగిందనడానికి రుజువేమిటి?

సముద్రం అడుగున దొరికింది. 1982లో టర్కీ తీరంలో ఉలుబురున్ దగ్గర ఒక స్పాంజి గజ ఈతగాడు 'చెవులున్న లోహపు బిస్కెట్లు' చూశానని చెప్పాడు. క్రీ.పూ. 14వ శతాబ్దం చివర్లో మునిగిన ఓడ అది. సుమారు 10 టన్నుల రాగి, ఒక టన్ను దాకా తగరం, నీలి గాజు ముద్దలు, జిగురు నింపిన కూజాలు, ఆఫ్రికా నల్ల కర్ర దుంగలు, ఏనుగు దంతం, నీటిగుర్రం పళ్లు, నిప్పుకోడి గుడ్లు, అఖెనాటెన్ రాణి నెఫెర్టీటీ పేరున్న బంగారు ముద్ర. రాగి దిమ్మలు నాలుగు మూలలా చెవులు సాగదీసిన తోలులా ఉంటాయి. రెఖ్మీరే గోడ మీద భుజాన మోసుకొస్తున్న దిమ్మలదీ అదే ఆకారం. గోడా ఓడా పక్కపక్కన పెడితే ఇక అనుమానం మిగలదు.

మన దేశం వాళ్లు ఆ బొమ్మల్లో ఉన్నారా?

లేరు. వస్తువులు మాత్రం చేతులు మారుతూ దగ్గరికొచ్చాయి. నీలిరాయి లాపిస్ లాజులి అఫ్గనిస్తాన్‌లోని బదక్షాన్ గనుల నుంచి వెళ్లేది. క్రీ.పూ. 1213లో చనిపోయిన రెండో రామ్సెస్ మమ్మీ ముక్కులో మిరియాలు దొరికాయి, ఆ మిరియం పుట్టింది దక్షిణ భారతంలోనే.

మాట మాత్రం ఒకటి మన వైపు నుంచి వెళ్లింది. అఖెనాటెన్ పాలనలో 12వ ఏట జరిగిన విదేశీ కానుకల మహాసభని అమర్నాలో హుయా, రెండో మెరిరే అనే అధికారుల సమాధుల్లో గీశారు. ఇంగ్లీషులో పండితులు దాన్ని 'దర్బార్' అనే అంటారు. బ్రిటిష్ వాళ్లు ఢిల్లీ దర్బార్లు జరిపించిన కాలపు అలవాటు అది.

రంగులు ఇంతకాలం ఎలా నిలిచాయి?

ఎండ తగలదు, వాన లేదు, రంగులు ఖనిజాలవి. అక్కడి రాయి చెక్కడానికి అంత బాగుండదు కాబట్టి చాలా సమాధుల్లో మట్టి గార పూసి, పైన జిప్సం రాసి, దాని మీద రంగు వేశారు. జాజులో ముంచిన దారాన్ని బిగించి వదిలి గళ్లు కొట్టేవాళ్లు. నిలబడ్డ మనిషి పాదం నుంచి నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటుకి 18 గళ్లు. పసుపు రంగుకి పసుపు మట్టి, హరిదళం అనే ఖనిజం. నలుపుకి బొగ్గు, మసి. నీలం మాత్రం ఇసుక, రాగి, సున్నం కలిపి కొలిమిలో కాల్చి తయారుచేసుకున్నది.

ఎక్కడ చూడొచ్చు?

లక్సర్‌లో రెఖ్మీరే సమాధికి సందర్శకుల్ని పంపిస్తారు. లోపలి పొడుగు గదిలో పైకప్పు లోపలికి వెళ్లేకొద్దీ ఎత్తు పెరిగి 8 మీటర్ల దాకా పోతుంది, మెడ పట్టేయడం ఖాయం. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో సోబెక్‌హోటెప్ సమాధి ముక్కలున్నాయి. బంగారు వలయాలు, జిరాఫీ తోకల కట్టలు పట్టుకున్న నూబియా మనుషులు వాటిలోనే. న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో నీనా డేవీస్ చేతితో వేసిన నకళ్లున్నాయి. కొన్నిచోట్ల అసలుకన్నా అవే వివరంగా ఉన్నాయి, ఎందుకంటే ఆవిడ వేశాక అసలు గోడ చెడింది. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది గానీ, ఈ బొమ్మలు లేవు.

రెఖ్మీరే ముఖం గోడ మీద ఎందుకు కనిపించదు?

ఆయన బొమ్మల్ని ఉలితో చెక్కేశారు. పదవి పోయిందనీ, శత్రువులెవరో చేయించారనీ ఊహలున్నాయి. ఆ సమాధిలో ఆయన్ని పాతిపెట్టిన గొయ్యి కూడా దొరకలేదు. కానుకలు అందుకుంటూ నిలబడాల్సిన చోట ఇప్పుడు గరుకు రాయి ఉంది. దాని ముందు గుమాస్తా ఇంకా రాస్తూనే ఉన్నాడు, కోతి ఇంకా జిరాఫీ మెడ దిగలేదు.